ఎస్‌డీఆర్ క్లాక్ ఎంత కచ్చితంగా ఉండాలి? రాయలసీమ ఎండకు తగిన ఎంపిక

కొత్తగా ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు గుచ్చి సాఫ్ట్‌వేర్‌తో నడిపే చిన్న రేడియో) కొన్నవాళ్లు మొదటి వారంలోనే అడిగే ప్రశ్న ఒకటుంది: "145.800 మెగాహెర్ట్జ్ దగ్గర రావాల్సిన సిగ్నల్ 145.807 దగ్గర ఎందుకు కనబడుతోంది?" అడిగాక సలహాలకు కొదవ ఉండదు. ఒకరు పీపీఎం సెట్టింగ్ మార్చుకో చాలంటారు. ఒకరు టీసీఎక్స్‌ఓ, అంటే వేడి మారినా నిలకడగా ఉండే క్రిస్టల్, ఉన్న డాంగిల్ కొనమంటారు. మరొకరు జీపీఎస్‌తో సరిచేసుకునే క్లాక్, అంటే జీపీఎస్‌డీఓ, పెట్టకపోతే ఆ రేడియో దండగ అంటారు. ముగ్గురిదీ అబద్ధం కాదు, ఎవరి పనికి వాళ్ల సలహా సరైనదే. మనకు మాత్రం దీనికి తోడు ఎండ గొడవ కూడా ఉంది. ఈ సలహాల్లో చాలావరకు చల్లని దేశాల్లో, ఏడాది పొడవునా ఒకే ఉష్ణోగ్రత ఉండే గదుల్లో కూర్చుని రాసినవి. అనంతపురంలోనో కర్నూలులోనో మే నెల మధ్యాహ్నం మిద్దె కింది గదిలో నడిచే డాంగిల్‌కు అవే మాటలు ఉన్నవున్నట్టు సరిపోవు.

నన్నడిగితే ఏ క్లాక్ కొనాలి అనేది రెండో ప్రశ్న. మీ క్లాక్‌లో ఏ రకం తప్పు ఉంది, అది మీ పనికి అడ్డమా కాదా అనేది మొదటిది. దానికి జవాబు దొరికితే చాలామందికి కొనాల్సిన పనే పడదు.

ముందు లెక్క

ఆర్‌టీఎల్ డాంగిళ్లలో, అంటే చవకగా దొరికే మామూలు రకంలో, 28.8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఒకటి ఉంటుంది, డాంగిల్‌కు క్లాక్ అదే. ట్యూనర్ ఏ ఫ్రీక్వెన్సీకి తిరగాలి, సెకనుకు ఎన్ని శాంపిళ్లు తీయాలి అనే రెండూ దాని మీదే ఆధారపడతాయి. అది ఎంత నిష్పత్తిలో తప్పితే మిగతావన్నీ అంతే నిష్పత్తిలో తప్పుతాయి. ఆ తప్పును పది లక్షల్లో ఎన్ని వంతులు అని లెక్కేస్తారు, అదే పీపీఎం. సూత్రం చాలా తేలిక: పీపీఎంను మెగాహెర్ట్జ్‌తో గుణిస్తే తప్పు హెర్ట్జ్‌లో వస్తుంది. 50 పీపీఎం తప్పున్న డాంగిల్ 145.8 మెగాహెర్ట్జ్ దగ్గర 7,290 హెర్ట్జ్ పక్కకు చూపిస్తుంది. పైన అడిగిన ప్రశ్నకు జవాబు అదే.

మామూలు క్రిస్టల్ ఉన్న చవక డాంగిళ్లలో పదుల పీపీఎం తప్పు మామూలే. దాని ప్రభావం ఒక్కో పనిలో ఎంత తేడాగా ఉంటుందో ఈ పట్టికలో చూడండి.

| మీరు వినేది | 50 పీపీఎం తప్పుతో | 1 పీపీఎం తప్పుతో | 0.01 పీపీఎం తప్పుతో |
|---|---|---|---|
| కడప ఆకాశవాణి మీడియం వేవ్, 900 కిలోహెర్ట్జ్ | 45 హెర్ట్జ్ | 0.9 హెర్ట్జ్ | లెక్కలోకి రాదు |
| ఎఫ్‌ఎం రేడియో, 100 మెగాహెర్ట్జ్ చుట్టూ | 5 కిలోహెర్ట్జ్ | 100 హెర్ట్జ్ | 1 హెర్ట్జ్ |
| అంతరిక్ష కేంద్రం (ఐఎస్‌ఎస్), 145.8 మెగాహెర్ట్జ్ | 7.3 కిలోహెర్ట్జ్ | 146 హెర్ట్జ్ | 1.5 హెర్ట్జ్ |
| విమానాలు తమ స్థానం చెప్పే ఏడీఎస్-బీ, 1090 మెగాహెర్ట్జ్ | 54.5 కిలోహెర్ట్జ్ | 1.1 కిలోహెర్ట్జ్ | 11 హెర్ట్జ్ |
| అంతరిక్షంలోని హైడ్రోజన్ రేఖ, 1420.4 మెగాహెర్ట్జ్ | 71 కిలోహెర్ట్జ్ | 1.4 కిలోహెర్ట్జ్ | 14 హెర్ట్జ్ |
| క్యూఓ-100 హామ్ ఉపగ్రహం, 10489.75 మెగాహెర్ట్జ్ (మొత్తం తప్పు అంత ఉంటే; డాంగిల్ వాటా ఎంతో చివర్లో) | 524 కిలోహెర్ట్జ్ | 10.5 కిలోహెర్ట్జ్ | 105 హెర్ట్జ్ |

ఎఫ్‌ఎం చానెల్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్ కాబట్టి 5 కిలోహెర్ట్జ్ పక్కకు జరిగినా పాట హాయిగా వినబడుతుంది. ఏడీఎస్-బీ సిగ్నల్ రెండు మెగాహెర్ట్జ్ దాకా పరుచుకుని ఉంటుంది, అక్కడ 54 కిలోహెర్ట్జ్ తేడా విమానానికీ తెలియదు, మీ మ్యాప్‌కూ తెలియదు. ఓర్వకల్లు విమానాశ్రయం మీదుగా వెళ్లే విమానాలను చూడటమే మీ సరదా అయితే క్లాక్ సంగతి మర్చిపోయి ఆ డబ్బులు మంచి యాంటెనాకు పెట్టండి.

తప్పు మూడు రకాలు

మొదటిది స్థిరమైన తేడా. గోడ గడియారం ఎప్పుడూ అయిదు నిమిషాలు ముందుంటే మనం మనసులో తీసేసి చదువుకుంటాం కదా, అలాంటిది. డాంగిల్ ఎప్పుడూ 47 పీపీఎం ఎక్కువ చూపిస్తుంటే సాఫ్ట్‌వేర్‌లో ఒక అంకె వేసి సరిచేయొచ్చు, పైసా ఖర్చు లేదు.

రెండోది జారుడు, అంటే డ్రిఫ్ట్. పొద్దున 47, మధ్యాహ్నం 58, రాత్రి 44. ఒకసారి వేసిన అంకె దీనికి పనికిరాదు. కారణం దాదాపు ఎప్పుడూ ఉష్ణోగ్రతే. డాంగిళ్లలో వాడే ఏటీ-కట్ క్రిస్టళ్ల తప్పు, వేడితో పాటు ఒక వంపు గీతలా మారుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర ఆ గీత కాస్త నెమ్మదిగా కదులుతుంది, మరీ వేడిలో మరీ చలిలో వేగంగా పైకో కిందికో పోతుంది. డాంగిల్ తనంతట తాను ఒకటిన్నర వాట్ల దాకా వేడి పుట్టిస్తుంది. దానికి మన 42 డిగ్రీల మధ్యాహ్నం తోడైతే క్రిస్టల్ ఎక్కడ పనిచేస్తోందో ఊహించుకోవచ్చు.

మూడోది వణుకు. సగటున ఫ్రీక్వెన్సీ సరిగ్గానే ఉంటుంది, క్షణక్షణానికి మాత్రం అటూ ఇటూ ఊగుతుంది. సాంకేతికంగా దీన్ని ఫేజ్ నాయిస్ అనీ జిట్టర్ అనీ అంటారు. వాటర్‌ఫాల్‌లో (సిగ్నళ్లను గీతలుగా చూపే తెరలో) సన్నని గీత కావాల్సిన చోట మసక పట్టీ కనబడితే అనుమానం దీని మీదే. గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, మొదటి రెండు జబ్బులకు మందు వేయబోయి ఈ మూడోదాన్ని కొని తెచ్చుకోవడం చాలా సులువు. చవక జీపీఎస్ మాడ్యూళ్ల సంగతి చెప్పేటప్పుడు మళ్లీ ఇక్కడికి వద్దాం.

ఇంకొక గందరగోళం కూడా తీర్చేస్తాను. ఎఫ్‌టీ8, డబ్ల్యూఎస్‌పీఆర్ లాంటి డిజిటల్ మోడ్‌లు డీకోడ్ కాకపోతే చాలామంది డాంగిల్ క్లాక్‌ను తిడతారు. ఆ ప్రోగ్రాములకు కావాల్సింది కంప్యూటర్ టైమ్. అది సెకనో రెండు సెకన్లో తప్పితే వాటర్‌ఫాల్‌లో సిగ్నల్ చక్కగా కనబడుతున్నా ఒక్క అక్షరం రాదు. దానికి ఎన్‌టీపీతో, అంటే ఇంటర్నెట్ ద్వారా, సమయం సరిచేసుకుంటే చాలు. కంప్యూటర్ టైమ్, డాంగిల్ క్రిస్టల్ రెండూ వేర్వేరు గడియారాలు.

ఎంపికలు ఒకేచోట

| మార్గం | ఏ జబ్బుకు | మిగిలే తప్పు | ఖర్చు |
|---|---|---|---|
| సాఫ్ట్‌వేర్‌లో పీపీఎం అంకె | స్థిరమైన తేడా | సుమారు 1 పీపీఎం, వేడి మారేదాకా | లేదు |
| వేడి అదుపు | డ్రిఫ్ట్ | చోటును బట్టి | దాదాపు లేదు |
| టీసీఎక్స్‌ఓ డాంగిల్ | తేడా, డ్రిఫ్ట్ రెండూ | 0.5 నుంచి 1 పీపీఎం | వేలల్లో |
| ఓసీఎక్స్‌ఓ (వేడి గూటిలో ఉంచిన క్రిస్టల్) ఒక్కటే | డ్రిఫ్ట్, వణుకు | 0.1 పీపీఎం కంటే బాగా తక్కువ, ఏళ్లు గడిచేకొద్దీ నెమ్మదిగా జారుతుంది | వేలల్లో |
| చవక జీపీఎస్ మాడ్యూల్ నేరుగా | తేడా, డ్రిఫ్ట్ | సగటున దాదాపు సున్నా, వణుకు మాత్రం ఎక్కువ | వందల నుంచి వేలు |
| జీపీఎస్‌డీఓ | మూడూ | పని మీద లెక్కలోకి రానంత | పదివేలు, ఆ పైన |
| పాత రుబీడియం (అణు గడియారం) | తేడా, డ్రిఫ్ట్ | లెక్కలోకి రానంత | దొరికేదాన్ని బట్టి |

చివరి నాలుగింటికీ ఒక షరతు ఉంది: మీ రేడియోలో బయటి క్లాక్ పెట్టే దారి ఉండాలి.

సాఫ్ట్‌వేర్ అంకె: ఎంత అని ఎలా తెలుసుకోవాలి

ఇది అందరూ చేయాల్సిన పని, డబ్బున్నా లేకున్నా. అంకె తెలుసుకోవడానికి నమ్మదగిన ఒక సిగ్నల్ కావాలి. చాలామంది ఎఫ్‌ఎం స్టేషన్‌ను పట్టుకుంటారు, అది తప్పు. ఎఫ్‌ఎం స్టేషన్‌కు నిబంధనలే 2 కిలోహెర్ట్జ్ దాకా తేడాను అనుమతిస్తాయి, అంటే 20 పీపీఎం. తూకం రాయే తప్పుగా ఉండవచ్చన్నమాట.

అందుబాటులో ఉన్నవాటిలో మేలైనది సెల్ టవర్. 2జీ బేస్ స్టేషన్ ఫ్రీక్వెన్సీ 0.05 పీపీఎంలో ఉండాలన్నది జీఎస్‌ఎం ప్రమాణం. ప్రతి టవర్ కొన్ని పదుల మిల్లీసెకన్లకొకసారి తన చానెల్ మధ్య నుంచి 67.7 కిలోహెర్ట్జ్ పైన ఒక శుభ్రమైన టోన్ పంపుతుంది. కాలిబ్రేట్-ఆర్‌టీఎల్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఆ టోన్‌ను వెతికి పట్టుకుని మీ డాంగిల్ ఎంత తప్పుతోందో చెబుతుంది. 900 బ్యాండ్‌లో వెతకమనండి. 1800 బ్యాండ్‌లో టవర్ ప్రసారం 1805 మెగాహెర్ట్జ్ నుంచి మొదలవుతుంది, చాలా డాంగిళ్లలో ఉండే ఆర్820టీ2 ట్యూనర్ అంత పైకి అందుకోలేదు. జియోకు 2జీ లేదు కాబట్టి ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్‌ఎన్‌ఎల్ టవర్ల మీదే ఆధారపడాలి. టవర్ కనబడే కిటికీ దగ్గర చిన్న యాంటెనా సరిపోతుంది. డాంగిల్ తప్పు మరీ ఎక్కువైతే ప్రోగ్రామ్‌కు ఏ టవరూ చిక్కదు. అప్పుడు ఏదైనా తెలిసిన సిగ్నల్‌తో సుమారు అంకె కనిపెట్టి, దాన్ని ప్రోగ్రామ్‌కు ఇచ్చి మళ్లీ వెతికించాలి.

షార్ట్‌వేవ్ వినేవాళ్లకు ఇంకో దారి ఉంది. చైనా సమయ కేంద్రం బీపీఎం 5, 10, 15 మెగాహెర్ట్జ్‌లలో ప్రసారమవుతుంది. మాస్కో నుంచి ఆర్‌డబ్ల్యూఎం 4996, 9996, 14996 కిలోహెర్ట్జ్‌లలో వస్తుంది. వాటి సొంత గడియారాలు అణు గడియారాలే అయినా సిగ్నల్‌ను తిప్పి పంపే పై వాతావరణ పొర అయనోస్ఫియర్ కదలిక వల్ల 10 మెగాహెర్ట్జ్ మీద హెర్ట్జ్ అటూ ఇటూ ఊగుతుంటాయి. అంటే 0.1 పీపీఎం లోపల నమ్మవద్దు, 1 పీపీఎం పనికి మాత్రం హాయిగా వాడుకోండి.

ఆర్‌టీఎల్ డాంగిళ్లతో వచ్చే టెస్ట్ ప్రోగ్రామ్‌లో పీపీఎం కొలిచే వీలు ఉంది కానీ అది కంప్యూటర్ గడియారంతో పోల్చి చెబుతుంది. ఆ గడియారమే పదుల పీపీఎం తప్పు కావచ్చు. ఎన్‌టీపీ నడుస్తూ గంటల తరబడి వదిలేస్తే తప్ప దాని మాట వినకండి.

ఈ మార్గానికున్న పరిమితి చిన్నదే. ఆర్‌టీఎల్ డ్రైవర్ పీపీఎంను పూర్ణ సంఖ్యగానే తీసుకుంటుంది, 47 లేదా 48, మధ్యలో లేదు. కొన్ని ప్రోగ్రాములు దశాంశాన్ని తమ స్థాయిలో కలుపుకుంటాయి. ఇంకొకటి: కొలిచే ముందు డాంగిల్‌ను ఇరవై నిమిషాలైనా నడవనివ్వండి. చల్లగా ఉన్నప్పుడు కొలిచిన అంకె వేడెక్కాక పనికిరాదు.

వేడి అదుపు: మన ప్రాంతంలో దీనికే ముందు ఓటు

బయట 42 డిగ్రీలున్నంత మాత్రాన క్లాక్ పాడవదు. క్రిస్టల్ 50 డిగ్రీల దగ్గర రోజంతా నిలకడగా ఉంటే తప్పు కూడా నిలకడగానే ఉంటుంది, అంకె వేసి సరిచేసుకోవచ్చు. అసలు శత్రువు మార్పు. ఫ్యాన్ తిరిగినంతసేపు ఒక లెక్క, కరెంటు పోయి ఫ్యాన్ ఆగగానే ఇంకో లెక్క. ఎయిర్ కూలర్ గాలి నేరుగా డాంగిల్ మీదికి వస్తుంటే కూలర్ ఆగి నడిచే ప్రతిసారీ వాటర్‌ఫాల్‌లో గీత నెమ్మదిగా వంగడం చూడొచ్చు. ల్యాప్‌టాప్‌కు నేరుగా గుచ్చిన డాంగిల్‌కు ల్యాప్‌టాప్ వేడి అదనం.

మందు చవకే. చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో డాంగిల్‌ను ల్యాప్‌టాప్ నుంచి దూరం జరపండి. గాలి నేరుగా తగలకుండా ఒక డబ్బాలో పెట్టండి, గాలి ఆడేందుకు పక్కల రెండు రంధ్రాలు చాలు. మెటల్ బాడీ డాంగిల్ అయితే ఇంట్లో కడప బండ పరుపు మీదో, పక్కన పడి ఉన్న బేతంచెర్ల నాపరాయి ముక్క మీదో ఆనించి పెట్టండి. అంత బరువైన రాయి వేడెక్కడానికీ చల్లబడటానికీ గంటలు పడుతుంది. దాన్ని ఆనుకున్న డాంగిల్ కూడా అంతే నెమ్మదిగా మారుతుంది. రాయి మీద ఎండ పడని మూల చూసుకోండి.

యాంటెనాతో పాటు డాంగిల్‌ను కూడా మిద్దె మీద పెట్టి కేబుల్ నష్టం తప్పించుకోవాలనుకునేవారు ఉన్నారు. కేబుల్ లెక్కలో అది సరైనదే. ఎండలో మూసిన ప్లాస్టిక్ డబ్బా లోపల మాత్రం గాలి ఉష్ణోగ్రత బయటికంటే చాలా ఎక్కువ, తెల్లవారుజామున బాగా తక్కువ. క్లాక్ కోణంలో చూస్తే డాంగిల్ ఇంట్లో, మంచి కోయాక్స్ కేబుల్ మిద్దె దాకా అన్నదే నా మాట. తప్పదంటే నీళ్ల ట్యాంకు నీడన, తెల్ల రంగు వేసిన డబ్బాలో పెట్టండి.

టీసీఎక్స్‌ఓ: చాలామందికి ఇక్కడే ఆగిపోవచ్చు

టీసీఎక్స్‌ఓ అంటే ఉష్ణోగ్రతను బట్టి తనను తాను సరిచేసుకునే క్రిస్టల్. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ బ్లాగ్ వీ3, వీ4 డాంగిళ్లలో 1 పీపీఎం రకం ఉంది. నూయెలెక్ స్మార్ట్ డాంగిళ్లలో 0.5 పీపీఎం. ఎయిర్‌స్పై ఆర్2, ఎస్‌డీఆర్‌ప్లే ఆర్‌ఎస్‌పీ1ఏ లాంటివి కూడా 0.5 పీపీఎం క్లాక్‌తోనే వస్తాయి. చిత్రం ఏమిటంటే వీటికంటే ఖరీదైన కొన్నింటిలో క్లాక్ దీనికంటే ఘోరం. హ్యాక్‌ఆర్‌ఎఫ్ వన్ 20 పీపీఎం, ఆడాల్మ్ ప్లూటో 25 పీపీఎం. ధర ఎక్కువైనంత మాత్రాన క్లాక్ మంచిదనుకోకండి, స్పెసిఫికేషన్ చదివి కొనండి.

1 పీపీఎం అంటే ఐఎస్‌ఎస్ ఫ్రీక్వెన్సీ దగ్గర 146 హెర్ట్జ్. అదే ఐఎస్‌ఎస్ మన మీదుగా పోయేటప్పుడు డాప్లర్ వల్ల, అంటే దాని వేగం వల్ల, ఫ్రీక్వెన్సీ 3.5 కిలోహెర్ట్జ్ అటూ ఇటూ జరుగుతుంది. డాప్లర్ ముందు మీ క్లాక్ తప్పు లెక్కలోకే రాదు. మెటియోర్ వాతావరణ ఉపగ్రహాల చిత్రాలకూ అంతే. డబ్ల్యూఎస్‌పీఆర్‌కు 200 హెర్ట్జ్ వెడల్పు కిటికీ మాత్రమే ఉంటుంది. 14 మెగాహెర్ట్జ్ దగ్గర 50 పీపీఎం తప్పు 700 హెర్ట్జ్, అంటే కిటికీ దాటి బయట పడతారు. 1 పీపీఎం అయితే 14 హెర్ట్జ్, మధ్యలో కూర్చుంటారు.

రేడియో ఖగోళంలో ఆసక్తి ఉన్నవాళ్లు హైడ్రోజన్ రేఖ మీద 1.4 కిలోహెర్ట్జ్ తప్పు ఎక్కువనుకుంటారు. వేగంలోకి మార్చి చూడండి: ఏ ఫ్రీక్వెన్సీలోనైనా 1 పీపీఎం అంటే సెకనుకు 0.3 కిలోమీటర్లు. పాలపుంత చేతులు మనకు చూపే వేగాలు పదుల నుంచి వంద కిలోమీటర్ల పైదాకా ఉంటాయి. టీసీఎక్స్‌ఓ చాలు. సరిదిద్దని 50 పీపీఎం డాంగిల్‌తో మాత్రం 15 కిలోమీటర్ల తప్పు, అది కళ్లకు కనబడుతుంది.

మామూలు క్రిస్టల్ ఉన్న పాత నీలి రంగు చవక డాంగిల్‌లో క్రిస్టల్ పీకి టీసీఎక్స్‌ఓ సోల్డర్ చేయడం కూడా ఒక ఎంపికే. చేయి తిరిగినవాళ్లకు అది ఒక సాయంత్రం సరదా. సోల్డరింగ్ కొత్తవాళ్లు మాత్రం ఆ సమయమూ పాడయ్యే డాంగిలూ లెక్కేసుకుంటే కొత్తది కొనడమే చవక.

జీపీఎస్: చవక దారి, అసలు దారి

ప్రతి జీపీఎస్ ఉపగ్రహంలోనూ అణు గడియారం ఉంటుంది. జీపీఎస్ లాంటి మన సొంత నావిక్ వ్యవస్థకూ అదే ఆధారం: శ్రీహరికోట నుంచి 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01లో దేశంలోనే తయారైన రుబీడియం గడియారం ఉంది. ఆ గడియారాల కచ్చితత్వం మిద్దె మీద చిన్న యాంటెనాతో ఉచితంగా దొరుకుతుంది. చిక్కు దాన్ని డాంగిల్‌లోకి ఎక్కించడంలో ఉంది.

యూబ్లాక్స్ కంపెనీ జీపీఎస్ మాడ్యూళ్లు సెకనుకొక పల్స్ ఇస్తాయి. ఆ పల్స్ సుమారు 30 నానోసెకన్లు అటూ ఇటూ ఊగుతుంది. ఒక సెకనులో కొలిస్తే అది 0.03 పీపీఎం తప్పు. వెయ్యి సెకన్లు సగటు తీస్తే అందులో వెయ్యో వంతు. జీపీఎస్ గుణం ఇదే: తొందరపెడితే తడబడుతుంది, ఓపిక పడితే దానికి తిరుగుండదు. మంచి క్రిస్టల్ గుణం దీనికి తలకిందులు, ఒక సెకనులో చాలా నిలకడ, ఒక రోజులో జారుడు. ఈ రెంటినీ కలిపి, క్రిస్టల్‌ను జీపీఎస్ మెల్లగా సరిచేస్తూ ఉండేలా చేసిందే జీపీఎస్‌డీఓ.

చవక దారిలో ఈ కలపడం ఉండదు. యూబ్లాక్స్ వాళ్ల నియో-7ఎం, ఎం8 మాడ్యూళ్లను సెకనుకొక పల్స్‌కు బదులు 10 మెగాహెర్ట్జ్ దాకా ఇవ్వమని సెట్ చేయొచ్చు. నియో-6ఎంలో ఆ వీలు లేదు, కొనేటప్పుడు చూసుకోండి. లోపల 48 మెగాహెర్ట్జ్ గడియారం ఉంటుంది. 8 మెగాహెర్ట్జ్ అడిగితే ఆరుతో భాగించి ఇస్తుంది. 10 అడిగితే నిశ్శేషంగా భాగించలేక అంచులను ముందుకూ వెనక్కూ జరుపుతూ సగటు సరిచేస్తుంది. ఫ్రీక్వెన్సీ కౌంటర్‌లో చూస్తే అంకె అద్భుతం, రేడియోలో చూస్తే వాటర్‌ఫాల్ నిండా పిచ్చి గీతలు. వణుకును కొని తెచ్చుకోవడం అన్నది ఇదే. తప్పదంటే 8 మెగాహెర్ట్జ్ తీసుకుని, దాని నుంచి శుభ్రమైన క్లాక్ తయారుచేసే సర్క్యూట్ మధ్యలో పెట్టండి.

చవకగానే, ఇంకాస్త తెలివిగా చేసే పద్ధతి కూడా ఉంది. క్లాక్‌ను ముట్టుకోకుండా, జీపీఎస్‌తో దాన్ని కొలుస్తూ ఉండి తప్పును సాఫ్ట్‌వేర్‌లో సరిచేయడం. కివీఎస్‌డీఆర్ అనే రేడియో చేసేది అదే. అందులో వణుకు చేరదు, డ్రిఫ్ట్ ఉండదు. నాకు చాలా నచ్చిన పద్ధతి ఇది. మామూలు డాంగిల్‌కు దీన్ని సొంతంగా రాసుకోవాలంటే మాత్రం ప్రోగ్రామింగ్ మీద ఇష్టం ఉండాలి.

తయారుగా దొరికే జీపీఎస్‌డీఓల్లో లియో బోడ్నార్ వాళ్లవి, బీజీ7టీబీఎల్ పేరుతో వచ్చేవి హామ్‌లలో (లైసెన్స్ తీసుకుని సరదాగా రేడియో నడిపేవాళ్లలో) బాగా చెలామణిలో ఉన్నాయి. బోడ్నార్ వాటిలో అవుట్‌పుట్ ఫ్రీక్వెన్సీ మనం పెట్టుకోవచ్చు, నేరుగా 28.8 మెగాహెర్ట్జ్ తీసుకోవచ్చు. కొనే ముందు మీ రేడియో ఏం అడుగుతుందో చూసుకోండి. ఎయిర్‌స్పై ఆర్2కు, హ్యాక్‌ఆర్‌ఎఫ్‌కు 10 మెగాహెర్ట్జ్. ఎస్‌డీఆర్‌ప్లే వాళ్ల ఆర్‌ఎస్‌పీడీఎక్స్, ఆర్‌ఎస్‌పీడ్యూయోలకు 24 మెగాహెర్ట్జ్. వీ3 డాంగిల్ బోర్డు మీద బయటి 28.8 కోసం ప్యాడ్లు ఉన్నాయి. హ్యాక్‌ఆర్‌ఎఫ్ విషయంలో ఒక జాగ్రత్త: దాని క్లాక్ ఇన్‌పుట్‌కు 0 నుంచి 3.3 వోల్టుల స్క్వేర్ వేవ్ మాత్రమే ఇవ్వాలి. సైన్ వేవ్ ఇచ్చే జీపీఎస్‌డీఓను నేరుగా గుచ్చితే వోల్టేజీ సున్నా కిందికి పోతుంది, బోర్డు దెబ్బతినే ప్రమాదం ఉంది.

జీపీఎస్ యాంటెనాకు మన వైపు ఆకాశం పెద్ద వరం, ఎత్తైన భవనాలు తక్కువ. రేకుల షెడ్డు లోపల పెడితే మాత్రం ఒక్క ఉపగ్రహం కూడా చిక్కదు.

ఓసీఎక్స్‌ఓ, రుబీడియం

ఓసీఎక్స్‌ఓ క్రిస్టల్‌ను చిన్న పొయ్యిలాంటి గూటిలో 75, 80 డిగ్రీల చుట్టూ నిలకడగా ఉంచుతుంది. గూడు బయటికంటే వేడిగా ఉన్నంతవరకే దాని అదుపు. ఎండలో మూసిన రేకు డబ్బాలో పెడితే బయటి వేడి గూటి వేడిని సమీపిస్తుంది, ఇక అదుపు చేయడానికి ఏమీ మిగలదు. ఇంట్లో పెట్టుకుంటే మన దగ్గరా హాయిగా పనిచేస్తుంది. కరెంటు పోయి వస్తే మళ్లీ కుదురుకోవడానికి నిమిషాలు పడుతుంది కాబట్టి ఇన్వర్టర్ లైన్ మీద ఉండాలి.

రుబీడియం యూనిట్లు టెలికం స్టేషన్ల నుంచి తీసేసినవి వస్తుంటాయి, ఎఫ్‌ఈ-5680ఏ లాంటివి. గొప్పగా చెప్పుకోవడానికి బాగుంటుంది. దానికి పెద్ద హీట్‌సింక్, వేరే పవర్ సప్లై కావాలి. లోపలి రుబీడియం దీపానికి ఆయుష్షు ఉంటుంది, పాతదాంట్లో ఎంత మిగిలిందో కొనేవాడికి కనబడదు. ఆకాశం కనబడే మిద్దె ఉన్నవాళ్లకు జీపీఎస్‌డీఓ ముందు దీన్ని ఎంచుకోవడానికి నాకైతే కారణం కనబడదు.

క్యూఓ-100 వాళ్లకు వేరే మాట

25.9 డిగ్రీల తూర్పున ఉన్న ఎస్‌హైల్-2 ఉపగ్రహంలో హామ్‌ల సిగ్నళ్లను తిరిగి ప్రసారం చేసే ట్రాన్స్‌పాండరే క్యూఓ-100. అది అనంతపురం నుంచి పడమర దిక్కున, నేల నుంచి దాదాపు 29 డిగ్రీల ఎత్తులో కనబడుతుంది. డిష్, యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందుండి సిగ్నల్‌ను తక్కువ ఫ్రీక్వెన్సీకి దించే పెట్టె), డాంగిల్ ఉంటే వినొచ్చు. క్లాక్ విషయంలో ఇంత ఇబ్బంది పెట్టే హాబీ ఇంకోటి లేదు, ఎందుకంటే ఇక్కడ గడియారాలు రెండు.

ఎల్‌ఎన్‌బీ లోపలి క్రిస్టల్‌ను 9750 మెగాహెర్ట్జ్‌కు పెంచుతారు. 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ అయితే 390 రెట్లు. అది 10 పీపీఎం జారితే సిగ్నల్ 97.5 కిలోహెర్ట్జ్ జారుతుంది. పైగా అది ఎండలో, డిష్ ముందు వేలాడుతోంది. ఎల్‌ఎన్‌బీ నుంచి 739.75 మెగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ అందుకునే డాంగిల్‌కు 1 పీపీఎం అంటే 740 హెర్ట్జ్ మాత్రమే. అంటే డాంగిల్‌కు జీపీఎస్‌డీఓ తగిలించి ఎల్‌ఎన్‌బీని అలాగే వదిలేస్తే డబ్బు తప్పు చోట పెట్టినట్టే.

వినడమే పనైతే మొదట ఉచిత మార్గం చూడండి. ఉపగ్రహం 10489.750 మెగాహెర్ట్జ్ దగ్గర బీకన్, అంటే ఒక గుర్తు సిగ్నల్, పంపుతూనే ఉంటుంది. ఎస్‌డీఆర్ కన్సోల్ లాంటి ప్రోగ్రాములు ఆ బీకన్‌ను పట్టుకుని, అది కదిలిన మేరకు మొత్తం స్పెక్ట్రాన్ని సరిచేస్తాయి. ఎల్‌ఎన్‌బీ తప్పు, డాంగిల్ తప్పు రెండూ ఒకేసారి పోతాయి. తర్వాతి మెట్టు టీసీఎక్స్‌ఓ ఉన్న ఎల్‌ఎన్‌బీ. దానికీ తృప్తి చెందనివాళ్లు ఎల్‌ఎన్‌బీ క్రిస్టల్ పీకి కింద నుంచి 25 మెగాహెర్ట్జ్ జీపీఎస్‌డీఓ క్లాక్ ఎక్కిస్తారు. 390 రెట్లు పెంచితే వణుకు కూడా పెరుగుతుంది, 52 డెసిబెల్ దాకా. చవక జీపీఎస్ మాడ్యూల్‌ను ఇక్కడ మాత్రం దగ్గరికి రానివ్వకండి.

ఎవరికి ఏది

కాలేజీ ప్రాజెక్టుకు ఒకే డాంగిల్, తక్కువ డబ్బు ఉన్నవాళ్లు: వీ3 లేదా వీ4 లాంటి టీసీఎక్స్‌ఓ డాంగిల్ ఒకటి కొని, టవర్‌తో ఒకసారి కొలిచి, రాయి మీద పెట్టుకోండి. ఇంట్లో ఇప్పటికే నీలి డాంగిల్ ఉంటే కొత్తది వద్దు, సాఫ్ట్‌వేర్ అంకె, డబ్బా చాలు. ఎండాకాలం, చలికాలం మారినప్పుడు మళ్లీ కొలుచుకోండి.

హామ్ లైసెన్స్ ఉండి హ్యాక్‌ఆర్‌ఎఫ్‌తోనో ప్లూటోతోనో ప్రసారం చేసేవాళ్లు: మీకు టీసీఎక్స్‌ఓ తప్పనిసరి. వినేవాడి తప్పు వినేవాడికే నష్టం, ప్రసారం చేసేవాడి తప్పు పక్క చానెల్ వాళ్లకూ నష్టం. హ్యాక్‌ఆర్‌ఎఫ్‌కు లోపల గుచ్చే టీసీఎక్స్‌ఓ బోర్డులు దొరుకుతాయి. ప్లూటోలో క్రిస్టల్ మార్చుకోవాలి.

10 గిగాహెర్ట్జ్‌లో మాట్లాడేవాళ్లు, ఫ్రీక్వెన్సీ కొలవడమే హాబీగా పెట్టుకున్నవాళ్లు: జీపీఎస్‌డీఓ. రెండు అవుట్‌పుట్లు ఉన్నది తీసుకుంటే ఎల్‌ఎన్‌బీకీ రేడియోకీ ఒకే క్లాక్ ఇవ్వొచ్చు.

సిగ్నల్ ఏ దిక్కు నుంచి వస్తోందో కనిపెట్టాలనుకునేవాళ్లకు, రెండు మూడు డాంగిళ్లు కలిపి వాడాలనుకునేవాళ్లకు ఈ పీపీఎం లెక్కలు పెద్దగా పనికిరావు. అన్నీ కలిసి 20 పీపీఎం తప్పినా పరవాలేదు, ఒకదానితో ఒకటి తేడా ఉండకూడదు. ఒక డాంగిల్ క్లాక్‌ను తీసి మిగతావాటికి పంచండి, లేదా అయిదు ట్యూనర్లకూ ఒకే క్లాక్ ఉన్న క్రాకెన్‌ఎస్‌డీఆర్ చూడండి. ఒక్కో డాంగిల్‌కు ఒక్కో మంచి టీసీఎక్స్‌ఓ పెట్టినా ఈ పని జరగదు.